మానవ మెదడు నిర్మాణంలో జన్యువుల పాత్ర

మానవ మెదడు నిర్మాణంలో జన్యువుల పాత్ర అనేది జన్యుశాస్త్రం, పిండశాస్త్రం, నాడీశాస్త్రం కలిసే చోట ఉన్న అంశం. తల్లి గర్భంలో ఒక్క కణంతో మొదలైన పిండంలో మెదడు ఎలా రూపొందుతుంది, దాని భాగాలు ఎవరు చెప్పినట్లుగా తమ తమ స్థానాలలో అమరుతాయి, ఒక మనిషి మెదడుకీ మరొక మనిషి మెదడుకీ తేడాలు ఎందుకు ఉంటాయి అన్న ప్రశ్నలకు ఈ అధ్యయనం సమాధానాలు వెదుకుతుంది. పుట్టుకతో వచ్చే అనేక మెదడు లోపాలకు కారణాలు తెలిసినదీ, వాటిలో కొన్నిటిని నివారించే మార్గాలు దొరికినదీ ఈ పరిశోధనల వల్లనే.

కొన్ని అంకెలు

ఎదిగిన మనిషి మెదడు బరువు సుమారు 1.3 నుండి 1.4 కిలోగ్రాములు. అందులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు (న్యూరాన్లు) ఉన్నాయని 2009లో ప్రచురితమైన ఒక లెక్క. వీటిలో దాదాపు 6,900 కోట్లు చిన్న మెదడు అని పిలవబడే అనుమస్తిష్కంలోనే ఉంటాయి. ఆలోచనకు, భాషకు, ఇంద్రియ జ్ఞానానికి ఆధారమైన మస్తిష్క వల్కలంలో ఉన్నవి సుమారు 1,600 కోట్లు. వల్కలం అంటే పెద్ద మెదడును పైన కప్పి ఉండే బూడిదరంగు పొర. దీని మందం 2 నుండి 4 మిల్లీమీటర్లు మాత్రమే. ఒక్కొక్క నాడీకణం వేలాది ఇతర కణాలతో సంధులు (సినాప్సులు) ఏర్పరచుకుంటుంది. మెదడు మొత్తంలో ఇటువంటి సంధులు సుమారు 100 లక్షల కోట్లు ఉండవచ్చునని అంచనా.

ఇక జన్యువుల సంగతి చూద్దాం. మానవ జన్యుపదార్థంలో సుమారు 310 కోట్ల అక్షరాల జతలు ఉన్నాయి. ప్రొటీనులను తయారుచేసే జన్యువుల సంఖ్య సుమారు 20,000. ఒక్కొక్క అక్షరం ఎ, టి, జి, సి అనే నాలుగింటిలో ఏదో ఒకటి కనుక దానిని వ్రాయడానికి రెండు బిట్లు చాలు. ఈ లెక్కన మొత్తం జన్యుపదార్థం కంప్యూటరులో దాదాపు 78 కోట్ల బైట్లు ఆక్రమిస్తుంది. అంటే దాదాపు పాత కాలపు పాటల సీడీ ఒకదానిలో పట్టేటంత.

ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తేటతెల్లమవుతుంది. ఏ నాడీకణం ఏ నాడీకణంతో కలవాలో ఒక్కొక్క సంధికీ విడివిడిగా వ్రాసిపెట్టాలంటే జన్యుపదార్థంలో ఉన్న చోటుకి లక్షల రెట్లు ఎక్కువ చోటు కావాలి. కనుక మెదడు యొక్క పూర్తి పటం జన్యువులలో ఉండే అవకాశమే లేదు. జన్యువులలో ఉన్నవి నియమాలు. ఎప్పుడు విభజన చెందాలి, ఎక్కడ ఆగాలి, ఏ వాసన వచ్చిన వైపు కదలాలి, ఎవరితో చేయి కలపాలి అన్న సూచనలను కణాలు పాటిస్తూ పోగా మెదడు రూపు దిద్దుకుంటుంది. చుక్కల ముగ్గు వేసే ఆమె ప్రతి గీతనూ ముందుగా కాగితం మీద గీసుకోదు. ఎన్ని చుక్కలు, గీత చుక్కను ఎలా చుట్టి రావాలి అన్న నియమాలు తెలిస్తే చాలు, వాకిలి నిండేటంత ముగ్గు తయారవుతుంది. ఈ పోలిక పూర్తిగా సరిపోకపోయినా అసలు విషయం గ్రహించడానికి పనికివస్తుంది.

ఒకే జన్యుపదార్థం, వేర్వేరు కణాలు

మన శరీరంలోని కణాలన్నిటిలోనూ దాదాపు ఒకే జన్యుపదార్థం ఉంటుంది. కాలేయ కణంలోనూ, నాడీకణంలోనూ అవే జన్యువులు. మరి రెండూ వేరుగా ఎందుకు ఉంటాయి? ఒకే నిఘంటువులో నుండి వేర్వేరు మాటలు ఏరుకొని ఒకరు వంటల పుస్తకమూ, మరొకరు న్యాయశాస్త్ర గ్రంథమూ వ్రాసినట్లు, ఒక్కొక్క రకం కణం కొన్ని జన్యువులను మాత్రమే పనిచేయనిచ్చి మిగిలిన వాటిని అణచి ఉంచుతుంది. జన్యువు పనిచేసి తన ప్రొటీనును తయారుచేయించడాన్ని జన్యువు వ్యక్తమవడం అంటారు.

మన జన్యువులలో నూటికి 80కి పైగా మెదడులో ఎక్కడో ఒకచోట, ఎప్పుడో ఒకప్పుడు వ్యక్తమవుతాయి. "మెదడు జన్యువులు" అనే ప్రత్యేకమైన కులమేదీ లేదన్నమాట. మెదడును నిర్మించే జన్యువులలో చాలా భాగం కంటినీ, గుండెనీ, చేతివేళ్లనూ నిర్మించడంలో కూడ పాల్గొంటాయి.

జన్యువులలో ఒక తరగతి ఇతర జన్యువులను నియంత్రిస్తుంది. ఇవి తయారుచేసే ప్రొటీనులు డీఎన్‌ఏ మీద నిర్ణీత స్థలాలలో అతుక్కొని, పక్కనున్న జన్యువులను మేల్కొలుపుతాయి లేదా నిద్రపుచ్చుతాయి. వీటిని నియంత్రక జన్యువులు అనవచ్చు. ఇటువంటి జన్యువు ఒక్కటి దెబ్బతింటే దాని అదుపులో ఉన్న వందలాది జన్యువుల పని తారుమారవుతుంది.

నాడీనాళం: మొదటి మెట్టు

ఫలదీకరణం జరిగిన మూడవ వారంలో పిండం వీపు వైపున ఉన్న కణాల పలక ఒకటి మధ్యలో పల్లమై, అంచులు పైకి లేచి, ఒకదానితో ఒకటి అతుక్కుంటుంది. తమలపాకును చుట్ట చుట్టినట్లు పలక కాస్తా గొట్టమవుతుంది. ఇదే నాడీనాళం. సుమారు 28వ రోజుకి ఈ నాళం రెండు కొనలూ మూసుకుంటాయి. ముందు కొన ఉబ్బి ముందు మెదడు, మధ్య మెదడు, వెనుక మెదడుగా ఏర్పడుతుంది. మిగిలినది వెన్నుపాము అవుతుంది. ఈ సమయానికి చాలామంది తల్లులకు తాము గర్భవతులమని ఇంకా సరిగ్గా తెలియదు.

ఈ గొట్టంలో పై వైపు ఏది, క్రింది వైపు ఏది అన్నది కణాలకు తెలియాలి. క్రింది వైపు ఉన్న కణాలు ఒక ప్రొటీనును విడుదల చేస్తాయి. అది పుట్టిన చోట చిక్కగా, దూరం పోయేకొద్దీ పలచగా వ్యాపిస్తుంది. ప్రతి కణమూ తన దగ్గర ఆ ప్రొటీను ఎంత చిక్కగా ఉన్నదో బట్టి తాను ఏ రకం కణంగా మారాలో నిర్ణయించుకుంటుంది. ఈ ప్రొటీనును తయారుచేసే జన్యువు పేరు సోనిక్ హెడ్జ్‌హాగ్. 1980లో క్రిస్టియానె న్యూస్లైన్-ఫోల్‌హార్డ్, ఎరిక్ వీషౌస్ అనే శాస్త్రవేత్తలు పండ్ల ఈగలలో హెడ్జ్‌హాగ్ జన్యువును గుర్తించారు. అది లోపించిన ఈగ పిండం ముళ్లపంది వలె కనబడడం వల్ల ఆ పేరు వచ్చింది. తరువాత వెన్నెముక గల జంతువులలో దొరికిన దాని బంధువుకు ఒక వీడియో ఆటలోని పాత్ర పేరు తగిలించారు. ఈగ పిండం మీద చేసిన పనికి ఆ ఇద్దరూ, ఎడ్వర్డ్ లూయిస్‌తో కలిసి, 1995లో నోబెల్ బహుమానం పొందారు.

మనుషులలో సోనిక్ హెడ్జ్‌హాగ్ జన్యువు దెబ్బతింటే ముందు మెదడు కుడి, ఎడమ అర్ధగోళాలుగా సరిగా విడిపోదని 1996లో తెలిసింది. ఈగలో మొదలైన ప్రశ్నకు సమాధానం పసిపిల్లల వైద్యంలో దొరికింది. పరిణామ క్రమంలో జీవులు పాత పనిముట్లనే మరల మరల వాడుకుంటాయనడానికి ఇది మంచి ఉదాహరణ.

నాడీనాళం సరిగా మూసుకోకపోతే వెన్నుపాము బయటపడి ఉండడం, మెదడు పై భాగం ఏర్పడకపోవడం వంటి తీవ్ర లోపాలు కలుగుతాయి. వీటికి జన్యువులు కొంతవరకు కారణమే గాని, ఒక్క జన్యువు మీద మోపడానికి వీలు కాదు. ఫోలిక్ ఆమ్లం అనే బి-విటమిను కూడ ఇందులో ముఖ్యమైన పాత్ర వహిస్తుంది. ఇటువంటి బిడ్డను ఇదివరకే కన్న తల్లులకు గర్భధారణకు ముందు నుండే ఫోలిక్ ఆమ్లం ఇస్తే, మరల అదే లోపం వచ్చే అవకాశం 72 శాతం తగ్గిందని బ్రిటనులోని వైద్య పరిశోధనా మండలి ఏడు దేశాలలో జరిపిన ప్రయోగం 1991లో నిరూపించింది. నాళం మూసుకునేది నాలుగవ వారంలోనే కనుక గర్భం నిర్ధారణ అయిన తరువాత మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. అందువల్ల బిడ్డను కోరుకునే స్త్రీలందరూ ముందు నుండే రోజుకు 400 మైక్రోగ్రాములు తీసుకోవాలని వైద్యుల సలహా. ఇంతకు ముందు ఇటువంటి కాన్పు జరిగిన వారికి వైద్యులు ఇంతకంటె పెద్ద మోతాదు సూచిస్తారు.

కణాల సంఖ్య: మెదడు పరిమాణం

నాడీనాళం లోపలి గోడ వెంబడి మూలకణాలు ఉంటాయి. మొదట్లో ఒక్కొక్క మూలకణం విభజన చెంది రెండు మూలకణాలు అవుతుంది. ఈ దశ ఎంత ఎక్కువ కాలం సాగితే మూలకణాల సంఖ్య అంతగా పెరుగుతుంది. ఆ తరువాత విభజన తీరు మారుతుంది. ఒక పిల్ల కణం మూలకణంగానే మిగిలి, రెండవది నాడీకణమయ్యే దారి పడుతుంది. చక్రవడ్డీ లెక్క తెలిసిన వారికి మొదటి దశ ఒక్క రోజు ఎక్కువైనా తక్కువైనా చివరి మొత్తంలో ఎంత తేడా వస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

ఈ విభజన యంత్రాంగంలో పనిచేసే జన్యువులలో ఏఎస్‌పీఎమ్ ఒకటి. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను అటూ ఇటూ లాగే కండె వంటి నిర్మాణం కొనల దగ్గర దీని ప్రొటీను ఉంటుంది. తల్లి నుండి, తండ్రి నుండి వచ్చిన రెండు ప్రతులూ చెడిపోయినప్పుడు మెదడు చాలా చిన్నదిగా ఏర్పడుతుంది. దీనిని సూక్ష్మశిరస్కత అంటారు. ఆశ్చర్యమేమిటంటే ఇటువంటి మెదడులో భాగాల అమరిక స్థూలంగా మామూలుగానే ఉంటుంది, పరిమాణం మాత్రమే తగ్గుతుంది. ఇంగ్లండులోని లీడ్స్ నగర పరిశోధకులు, పాకిస్తాను మూలాలు గల కుటుంబాలను పరిశీలించి, 2002లో ఈ జన్యువును గుర్తించారు.

సూక్ష్మశిరస్కత ఉన్నంత మాత్రాన జన్యులోపమే కారణమని తేల్చివేయరాదు. 2015లో బ్రెజిలు దేశంలో జికా వైరసు సోకిన గర్భిణులకు ఇటువంటి బిడ్డలు పుట్టారు. ఆ వైరసు దాడి చేసేది కూడ ఈ మూలకణాల మీదనే. కారణం జన్యువైనా, వైరసైనా దెబ్బ పడేది ఒకే చోట కనుక ఫలితం ఒకే విధంగా కనబడుతుంది.

కణాల వలస: వల్కలంలో పొరలు

మస్తిష్క వల్కలంలో ఆరు పొరలు ఉంటాయి. వల్కలపు నాడీకణాలు లోపలి గోడ దగ్గర పుట్టి, తమ స్థానానికి చేరడానికి బయటి వైపు ప్రయాణం చేస్తాయి. మూలకణాల నుండి సన్నని దారాల వంటి పోగులు మెదడు ఉపరితలం వరకు సాగి ఉంటాయి. నాడీకణం తాడు పట్టుకొని తాటిచెట్టు ఎక్కే మనిషి వలె ఈ పోగును పట్టుకొని పైకి ప్రాకుతుంది. పాస్కో రాకిచ్ అనే శాస్త్రవేత్త ఈ ప్రయాణాన్ని వివరంగా చూపాడు. ముందు పుట్టిన కణాలు లోపలి పొరలలో ఆగుతాయి. తరువాత పుట్టినవి వాటిని దాటుకొని పోయి వాటి పైన అమరుతాయి.

ఈ క్రమం తప్పితే ఏమవుతుందో ఒక ఎలుక చెప్పింది. తూలుతూ నడిచే ఒక ఎలుక జాతిని 1951లో స్కాట్లండులో వర్ణించారు. దాని వల్కలంలో పొరలు తలక్రిందులుగా ఉన్నాయని తరువాత తెలిసింది. 1995లో కారణమైన జన్యువు దొరికింది. దానికి రీలిన్ అని పేరు పెట్టారు. వల్కలం పై అంచున ఉన్న కణాలు రీలిన్ ప్రొటీనును విడుదల చేసి, ప్రాకుతూ వచ్చే కణాలు తమ స్థానాలలో కుదురుకోవడానికి తోడ్పడతాయి.

మనుషులలో ఎల్ఐఎస్1 (1993లో గుర్తించబడినది), డబుల్‌కార్టిన్ (1998) అనే జన్యువులు దెబ్బతిన్నప్పుడు కణాలు మధ్య దారిలోనే ఆగిపోతాయి. అప్పుడు వల్కలం ముడతలు పడక నున్నగా ఉండిపోతుంది. ఇటువంటి బిడ్డలకు తీవ్రమైన మూర్ఛలు, ఎదుగుదల లోపాలు ఉంటాయి.

వీటిలో డబుల్‌కార్టిన్ కథ ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉన్నది. మగపిల్లలకు ఎక్స్ క్రోమోజోము ఒక్కటే కనుక అది చెడితే వల్కలం అంతా నున్నగా తయారవుతుంది. ఆడపిల్లలకు రెండు ఎక్స్ క్రోమోజోములు ఉంటాయి. ఒక్కొక్క కణంలో ఏదో ఒకటి మాత్రమే పనిచేస్తుంది, రెండవది నిద్రపోతుంది. కనుక చెడిన జన్యువు ఒకటి ఉన్న ఆడపిల్ల మెదడులో సుమారు సగం కణాలు మంచి ప్రతితోనూ, మిగిలినవి చెడు ప్రతితోనూ పనిచేస్తాయి. మంచి ప్రతి గల కణాలు గమ్యం చేరి మామూలు వల్కలాన్ని కట్టుకుంటాయి. చేరలేనివి దారిలో ఆగి క్రింద మరొక పట్టీగా పేరుకుంటాయి. తత్ఫలితంగా ఒకే తలలో రెండు వల్కలాలు ఉన్నట్లు స్కానింగులో కనబడుతుంది. ఒకే కుటుంబంలో తల్లికి స్వల్పమైన మూర్ఛలు, కొడుకుకి తీవ్రమైన వ్యాధి ఎందుకు వస్తాయో ఈ ఒక్క జన్యువు వివరించింది.

వల్కలంలో ప్రాంతాల విభజన

చూపుకి సంబంధించిన ప్రాంతం వెనుక, కదలికకు సంబంధించిన ప్రాంతం ముందు అని ఎవరు నిర్ణయిస్తారు? ఇక్కడ కూడ చిక్కదనపు లెక్కే పనిచేస్తుంది. పాక్స్6 అనే నియంత్రక జన్యువు వల్కలం ముందు వైపు ఎక్కువగా, వెనుకకు పోయేకొద్దీ తక్కువగా వ్యక్తమవుతుంది. ఈఎమ్ఎక్స్2 అనే జన్యువు దీనికి ఎదురు దిశలో, అనగా వెనుక ఎక్కువగా వ్యక్తమవుతుంది. ఈఎమ్ఎక్స్2 లేని ఎలుకలలో చూపు ప్రాంతం కుంచించుకొని, ముందు ఉండవలసిన ప్రాంతాలు వెనుకకు విస్తరించాయని 2000లో ప్రకటించారు. మరుసటి సంవత్సరం జరిగిన మరొక ప్రయోగంలో, ముందు వైపు నుండి వెలువడే ఒక సంకేత ప్రొటీనును ఎలుక పిండంలో వెనుక వైపున కూడ తయారయ్యేటట్లు చేశారు. అప్పుడు మీసాల స్పర్శను గ్రహించే ప్రాంతానికి అద్దంలో ప్రతిబింబం వంటి రెండవ ప్రాంతం కొంతవరకు ఏర్పడింది.

నాడీతంతువులు దారి తెలుసుకోవడం

తన చోటు చేరిన నాడీకణం తంత్రికాక్షం (ఆక్సాన్) అనే పొడవైన తంతువును సాచి, దూరాన ఉన్న కణాలతో కలవాలి. 1940 దశకంలో రోజర్ స్పెర్రీ కప్పజాతి జీవుల కంటినాడిని కోసి, కంటిని తలక్రిందులుగా త్రిప్పి అమర్చాడు. నాడి మరల పెరిగింది. కాని ఆ జంతువు పైనున్న ఎరను పట్టడానికి క్రిందికి దూకేది. ఎంత కాలం గడిచినా ఆ పొరపాటును దిద్దుకోలేదు. ప్రతి తంతువూ తన పాత గమ్యానికే తిరిగి చేరుకున్నదని దీని అర్థం. కణాలకు రసాయనిక గుర్తులు ఉంటాయని, వాటిని బట్టి తంతువులు దారి పోల్చుకుంటాయని స్పెర్రీ ప్రతిపాదించాడు.

ఆ గుర్తులలో కొన్ని 1990 దశకంలో దొరికాయి. తంతువులను తన వైపు రప్పించే ఒక ప్రొటీనుకు 1994లో నెట్రిన్ అని పేరు పెట్టారు. దారి చూపేవాడు అనే అర్థం గల సంస్కృత ధాతువు నుండి ఈ పేరు తీసుకున్నారు. మనం వాడే "నేత" అన్న మాట కూడ అక్కడి నుండి వచ్చినదే. మెదడులోని తంతువులు కుడి నుండి ఎడమకూ, ఎడమ నుండి కుడికీ మధ్యరేఖను దాటడానికి నెట్రిన్ తోడ్పడుతుంది. నెట్రిన్‌ను గుర్తుపట్టే డీసీసీ అనే ప్రొటీను జన్యువులో లోపం ఉన్న కొందరిలో కుడిచేయి కదిపితే ఎడమచేయి కూడ దానంతట అదే కదులుతుందని 2010లో తెలిసింది. ఇటువంటి వారు ఒక చేత్తో వ్రాస్తుంటే రెండవ చేయి కూడ ఆ కదలికలను అనుకరిస్తుంది.

అనుభవం చేసే దిద్దుబాటు

జన్యువులు గీసిన చిత్తుప్రతిని అనుభవం దిద్దుతుంది. శైశవంలో అవసరమైన వాటికంటె ఎక్కువ సంధులు ఏర్పడి, వాడుకలో ఉన్నవి నిలిచి, వాడనివి తొలగిపోతాయి. పిల్లిపిల్ల కన్ను ఒకటి పుట్టిన తొలి నెలలలో మూసి ఉంచితే, తరువాత తెరచినా ఆ కంటితో దానికి సరిగా కనబడదని డేవిడ్ హ్యూబెల్, టార్స్టెన్ వీజెల్ 1960 దశకంలో చూపారు. కన్ను ఆరోగ్యంగానే ఉన్నది, జన్యువులూ సరిగానే ఉన్నాయి. ఆ కంటికి చెందవలసిన మెదడు ప్రాంతాన్ని రెండవ కన్ను ఆక్రమించుకున్నది. పుట్టుకతో శుక్లాలు ఉన్న పసిపిల్లలకు ఆలస్యం చేయకుండ శస్త్రచికిత్స చేయాలని వైద్యులు పట్టుబట్టడానికి కారణం ఇదే. ఈ ఇద్దరికీ 1981లో నోబెల్ బహుమానం లభించింది.

సంధులను తొలగించే పనిలో కూడ జన్యువుల ప్రమేయం ఉన్నది. రోగనిరోధక వ్యవస్థకు చెందిన సి4 అనే జన్యువు తొలగించవలసిన సంధులకు గుర్తు పెట్టడంలో పాల్గొంటుంది. దీనిలో కొన్ని రూపాలు ఉన్నవారికి స్కిజోఫ్రీనియా వచ్చే అవకాశం కొంత పెరుగుతుందని 2016లో ప్రకటించారు. అవకాశం పెరగడం వేరు, వ్యాధి రావడం వేరు అని ఇక్కడ గుర్తుంచుకోవాలి.

మనిషి మెదడు ప్రత్యేకత

చింపాంజీ మెదడు ఘనపరిమాణం సుమారు 400 మిల్లీలీటర్లు. మనిషిది దానికి మూడు రెట్లకు పైగా ఉంటుంది. రెండిటి జన్యుపదార్థాలలో మాత్రం తేడా స్వల్పం. ఆ స్వల్పమైన తేడాలో పరిణామ కాలంలో నకలు తీయబడి మనిషిలో మాత్రమే మిగిలిన జన్యువులు కొన్ని ఉన్నాయి. ఏఆర్‌హెచ్‌జీఏపీ11బీ అనే అటువంటి జన్యువును జర్మనీలోని డ్రెస్డెన్ పరిశోధకులు ఎలుక పిండంలో ప్రవేశపెట్టగా మూలకణాలు పెరిగి, నున్నగా ఉండవలసిన ఎలుక వల్కలంలో అక్కడక్కడ ముడతలు వచ్చాయి (2015). మార్మొసెట్ అనే చిన్న కోతి పిండంలో కూడ ఇటువంటి ఫలితమే వచ్చింది (2020). 2018లో వెలుగులోకి వచ్చిన నాచ్2ఎన్ఎల్ జన్యువులు మూలకణాలు త్వరపడి నాడీకణాలుగా మారకుండ ఆపి, వాటి సంఖ్యను పెంచుతాయి.

భాష విషయంలో ఫాక్స్‌పీ2 జన్యువు ప్రసిద్ధి చెందింది. కేఈ అనే సంకేతనామం గల ఒక బ్రిటిషు కుటుంబంలో మూడు తరాలలో దాదాపు సగం మందికి మాటలు పలకడంలో తీవ్రమైన ఇబ్బంది ఉండేది. వారిలో ఈ జన్యువు ఒక చోట మారినదని 2001లో తెలిసింది. పత్రికలు వెంటనే దీనికి "భాషా జన్యువు" అని పేరు పెట్టాయి. ఆ పేరు సరియైనది కాదు. ఫాక్స్‌పీ2 ఒక నియంత్రక జన్యువు. ఇది ఎలుకలలోనూ, పక్షులలోనూ ఉన్నది. ఊపిరితిత్తులలో కూడ పనిచేస్తుంది. మనిషి ఫాక్స్‌పీ2 ప్రొటీనుకీ, చింపాంజీ ప్రొటీనుకీ రెండే అమైనో ఆమ్లాల తేడా. నియాండర్తాల్ మానవులలో కూడ మనలో ఉన్న రూపమే ఉండేదని 2007లో తేలింది. మాట్లాడడానికి కావలసిన నోటి కదలికలను సమన్వయపరచే మెదడు వలయాలను కట్టడంలో ఇది ఒక భాగస్వామి మాత్రమే.

మనిషికీ మనిషికీ మధ్య తేడాలు

ఇంతవరకు చెప్పినవి ఒక్క జన్యువు చెడిపోతే కలిగే పెద్ద మార్పులు. ఆరోగ్యవంతుల మెదళ్లలో ఉండే చిన్న చిన్న తేడాల సంగతి వేరు. వాటిని కవలల ద్వారా అధ్యయనం చేస్తారు. ఏకరూప కవలల జన్యువులు దాదాపు పూర్తిగా ఒకటే. భిన్నరూప కవలలు మామూలు తోబుట్టువుల వలె సగటున సగం పంచుకుంటారు. రెండు రకాల కవలలూ ఒకే ఇంట్లో పెరిగినా, ఏకరూప కవలల మెదళ్లు ఎక్కువ పోలికతో ఉంటే ఆ అదనపు పోలిక జన్యువుల వల్ల వచ్చినదని భావిస్తారు. ఈ పద్ధతిలో మెదడు మొత్తం పరిమాణంలో కనబడే తేడాలలో 80 శాతం లేదా అంతకు పైగా జన్యుభేదాలతో ముడిపడి ఉన్నట్లు అనేక అధ్యయనాలు చూపాయి. ముడతల సన్నని వివరాలలో మాత్రం ఏకరూప కవలల మధ్య కూడ తేడాలు ఉంటాయి.

ఈ శాతాన్ని వంశానుగత్యం అంటారు. దీని అర్థం విషయంలో తరచు పొరపాటు జరుగుతుంది. ఒక మనిషి మెదడులో 80 శాతం జన్యువులు కట్టాయనీ, 20 శాతం తిండి కట్టిందనీ దీని అర్థం కాదు. ఒక సమూహంలో మనుషుల మధ్య కనబడే తేడాలను పంచి చెప్పే లెక్క ఇది. అందరికీ మంచి ఆహారం, చదువు దొరికే చోట పరిసరాల వల్ల వచ్చే తేడాలు తగ్గి, ఈ శాతం పెరుగుతుంది. పోషణలో హెచ్చుతగ్గులు ఎక్కువగా ఉన్న చోట ఇది తగ్గవచ్చు.

తేడాలకు కారణమైన జన్యువులను వెదకడానికి వేలాది మంది మెదడు స్కానులనూ, డీఎన్‌ఏనూ కలిపి చూడాలి. ఇందుకోసం 2009లో ఎనిగ్మా అనే అంతర్జాతీయ కూటమి ఏర్పడింది. 51,665 మందిని పరిశీలించి 2020లో ఈ కూటమి ప్రచురించిన వ్యాసంలో, వల్కలం వైశాల్యంతో గాని మందంతో గాని సంబంధం ఉన్న 199 స్థలాలు జన్యుపదార్థంలో గుర్తించబడ్డాయి. వైశాల్యాన్నీ, మందాన్నీ వేర్వేరు జన్యుభేదాలు ప్రభావితం చేస్తున్నాయని కూడ అందులో తేలింది. ఒక్కొక్క భేదం ప్రభావం అత్యల్పం. ఏ ఒక్కదానిని చూసి ఎవరి మెదడు ఎలా ఉంటుందో చెప్పడం సాధ్యం కాదు. ఇటువంటి అధ్యయనాలలో పాల్గొన్నవారిలో అత్యధికులు ఐరోపా సంతతివారు కనుక ఆ ఫలితాలను భారతీయులకు యథాతథంగా వర్తింపజేయరాదు.

తొందరపాటు నిర్ణయాలు

మెదడు పరిమాణాన్ని చూపి కొన్ని జాతులు ఎక్కువ, కొన్ని తక్కువ అని చెప్పే ప్రయత్నాలు పంతొమ్మిదవ శతాబ్దంలో విస్తారంగా జరిగాయి. ఆ ధోరణి పూర్తిగా పోలేదు. 2005లో షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఏఎస్‌పీఎమ్, మైక్రోసెఫాలిన్ జన్యువులలోని కొన్ని రూపాలు ఇటీవలి సహస్రాబ్దాలలో వేగంగా వ్యాపించాయనీ, అవి కొన్ని ఖండాలలో ఎక్కువగా, కొన్నిటిలో తక్కువగా ఉన్నాయనీ ప్రకటించారు. ఈ రూపాలు మెదడును పెద్దది చేసి తెలివిని పెంచి ఉంటాయని కొందరు ఊహించారు. తరువాతి రెండేళ్లలో వేర్వేరు బృందాలు కొలిచి చూడగా, ఆ రూపాలు ఉన్నవారికీ లేనివారికీ మెదడు పరిమాణంలో గాని, తెలివితేటల పరీక్షలలో గాని తేడా కనబడలేదు. ఒక జన్యువు పూర్తిగా చెడిపోతే మెదడు చిన్నదవుతుంది గనుక దానిలోని ప్రతి చిన్న భేదమూ మెదడును పెంచుతుందో తగ్గిస్తుందో అనుకోవడం తర్కానికి నిలవదని ఈ ఉదంతం తెలియజేస్తుంది.

మేనరికాలు, జన్యు పరీక్షలు

ఏఎస్‌పీఎమ్ వంటి లోపాలు అంతర్గత లక్షణాలు. రెండు ప్రతులూ చెడితేనే వ్యాధి కనబడుతుంది. ఒక ప్రతి మాత్రమే చెడినవారు ఆరోగ్యంగా ఉంటారు, తమలో అటువంటి జన్యువు ఉన్నట్లు వారికే తెలియదు. అటువంటి ఇద్దరు దంపతులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనమామ, మేనకోడలు సగటున నాలుగవ వంతు జన్యువులను, మేనరికపు బావామరదళ్లు ఎనిమిదవ వంతు జన్యువులను ఉమ్మడిగా కలిగి ఉంటారు. కనుక ఇద్దరిలోనూ చెడిన ప్రతి ఒకటే ఉండే అవకాశం బయటి సంబంధాల కంటె వీరిలో ఎక్కువ. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో సహా దక్షిణాదిలో ఇటువంటి వివాహాలు చిరకాలంగా ఉన్న ఆచారం కనుక ఈ విషయం తెలుగువారికి ప్రత్యేకంగా సంబంధించినది. మేనరికం చేసుకున్నవారి పిల్లలలో అత్యధికులు ఆరోగ్యంగానే పుడతారన్నది కూడ అంతే నిజం. కుటుంబంలో ఇదివరకే అటువంటి బిడ్డ పుట్టి ఉంటే, తరువాతి కాన్పుకు ముందే జన్యు వైద్యులను సంప్రదించడం మంచిది. హైదరాబాదులోని డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ అండ్ డయాగ్నస్టిక్స్ కేంద్రం (సీడీఎఫ్‌డీ) జన్యువ్యాధుల నిర్ధారణలో కృషి చేస్తున్న ప్రభుత్వ సంస్థ.

మన సమాజంలో లోపంతో పుట్టిన బిడ్డ భారాన్నీ, నిందనూ తల్లి మీద వేయడం కద్దు. అంతర్గత లక్షణాలలో చెడిన ప్రతులు తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి వస్తాయి. డబుల్‌కార్టిన్ వంటి వాటిలో మార్పు బిడ్డలోనే కొత్తగా పుట్టవచ్చు. ఏ గ్రహణం చూడడం వల్లనో, ఏదో తినడం వల్లనో ఇవి రావు.

జన్యువు విధి కాదు

ఫినైల్‌కీటోన్యూరియా అనే వ్యాధిని 1934లో నార్వే వైద్యుడు ఆస్బ్యోర్న్ ఫోలింగ్ గుర్తించాడు. ఇందులో చెడిన జన్యువు ముఖ్యంగా పనిచేసేది కాలేయంలో. ఆహారంలోని ఫినైల్‌ఎలనీన్ అనే అమైనో ఆమ్లాన్ని కాలేయం మార్చలేక, అది రక్తంలో పేరుకొని ఎదుగుతున్న మెదడును పాడుచేస్తుంది. పుట్టిన కొద్ది రోజులలోనే మడమ నుండి ఒక రక్తపు చుక్క తీసి పరీక్షించి, ఆ అమైనో ఆమ్లం తక్కువగా ఉన్న ఆహారం వెంటనే మొదలుపెడితే బిడ్డ మెదడు మామూలుగా ఎదుగుతుంది. చెడిన జన్యువు చెడినట్లే ఉన్నది, మెదడు మాత్రం దెబ్బతినలేదు. అదే జన్యువు, అదే బిడ్డ. పరీక్ష జరిగిన రోజును బట్టి, పెట్టిన ఆహారాన్ని బట్టి రెండు వేర్వేరు జీవితాలు.

2013లో ఆస్ట్రియా దేశపు వియన్నా నగరంలో మాడెలిన్ లాంకాస్టర్, యూర్గెన్ క్నోబ్లిక్ బృందం మూలకణాల నుండి పిండపు మెదడును పోలిన చిన్న కణజాలపు ముద్దలను ప్రయోగశాలలో పెంచింది. సూక్ష్మశిరస్కత ఉన్న ఒక రోగి కణాల నుండి పెంచిన ముద్దలు చిన్నవిగానే ఎదిగాయి. మానవ పిండంలో నేరుగా చూడడానికి వీలులేని దశలను ఈ విధంగా పరిశీలించే అవకాశం కలిగింది. ఒక్కొక్క జన్యువు ఏ రోజున, ఏ కణంలో, ఏ పని చేస్తుందో తెలిసేకొద్దీ ఫోలిక్ ఆమ్లం వంటి, మడమ రక్తపు పరీక్ష వంటి సులువైన ఉపాయాలు మరికొన్ని దొరకవచ్చునని పరిశోధకుల ఆశ.